బుగ్గ గిల్లు వైద్యం

పిల్లల బరువు తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంత తంటాలు ఎందుకు పడుతుందో నాకు బోధపడదు. ఎత్తు కొలవాలట, బరువు తూయాలట, వయసుతో కలిపి పట్టికలో చూడాలట. అలా లెక్కలు కట్టీ కట్టీ 2022లో 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 39 కోట్ల మందికి పైగా ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారనీ, వారిలో 16 కోట్ల మందిది ఊబకాయమనీ చెప్పారు. అంత శ్రమెందుకు? మా ఇంటికొచ్చే పెద్దాయన్ని పిలిస్తే రెండు వేళ్లతో తేల్చేస్తారు కదా!

ఆయన మావాడి బుగ్గ పట్టుకుని, కళ్లు మూసి, నాడి చూసినంత శ్రద్ధగా గిల్లుతారు. "ఆరోగ్యమంటే ఇదీ!"

"తలనొప్పిగా ఉంది తాతయ్యా."

"ఫోను చూడకు."

"వంగి లేస్తే కళ్ల ముందు చీకటి కమ్ముతోంది."

"చదువు ఎగ్గొట్టే వేషాలు."

"చెవుల్లో హోరు..."

ఈసారి రెండో బుగ్గ గిల్లారు. సెకండ్ ఒపీనియన్ అన్నమాట.

అయ్యా, కణితి లేకపోయినా పుర్రెలో ఒత్తిడి పెరిగే జబ్బొకటుంది. యుక్తవయసు వచ్చిన పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, దానికీ అధిక బరువుకీ గట్టి లంకె. వీడు చెప్పినవన్నీ దాని లక్షణాలే. కంటి వెనక నరం ఉబ్బిందేమో డాక్టరు లైటు వేసి చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత స్కానింగు, వెన్నులో సూది, మందులు, బరువు తగ్గించడం. చూడకపోతే? చూపు పోవచ్చు. పోయింది తిరిగి రాకపోవచ్చు.

ఈయన కంటికి బొద్దుగా ఉంటే ముద్దు. అంతకు రెండు కిలోలు పెరిగితే తిండిపోతు. ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ వేసుకునే పాపని పట్టుకుని, "లావెక్కుతున్నావు, ఆ మాత్రలు ఆపెయ్" అన్నారు కూడా. ఆ మందుతో బరువు పెరగడం నిజమే. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చన్నదీ అంతే నిజం. మందు మార్చాలంటే రాసిన డాక్టరు మార్చాలి. నీకేం హక్కుందయ్యా? పడిపోతే ఆ పిల్లని పట్టుకునేది నువ్వా?

క్షమించాలి, ఇది గంభీరమైన వైద్య వ్యాసం, గొంతు పెంచకూడదు.

పోయినసారి ఆయన గుమ్మంలో కనబడగానే మావాడు రెండు చేతులతో బుగ్గలు మూసుకున్నాడు. ఆయన వాణ్ణి ఎగాదిగా చూసి, "వీడికి నరాల బలహీనతలా ఉందే" అన్నారు.