రాహుల్ గాంధీ నడిచారు సరే, నిర్ణయాలు ఎక్కడ?

2022 నవంబరు 1న రాహుల్ గాంధీ భారత్ జోడో యాత్ర చార్మినార్‌ చేరింది. 1990లో రాజీవ్ గాంధీ సద్భావన యాత్ర ప్రారంభించిన చోటే రాహుల్ జాతీయ పతాకాన్ని ఎగరవేశారు. రెండు రోజుల తర్వాత మునుగోడు ఉప ఎన్నిక జరిగింది. 2018లో తాను గెలిచిన ఆ స్థానంలో కాంగ్రెస్ మూడో స్థానానికి పడిపోయి డిపాజిట్ కోల్పోయింది. ఫలితం వెలువడిన రోజున రాహుల్ ఇంకా తెలంగాణలోనే నడుస్తున్నారు. పదమూడు నెలల తర్వాత, 2023 డిసెంబరు 3న, అదే కాంగ్రెస్ 119 స్థానాలలో 64 గెలుచుకుని అధికారంలోకి వచ్చింది. ఆయన ఎన్నికలు గెలిపించగల నాయకుడేనా అన్న ప్రశ్నకు జవాబు వెతకాల్సింది ఆ పదమూడు నెలల్లోనే.

యాత్ర తెలంగాణ దాటిన నెలకే గాంధీభవన్‌లో 'అసలు కాంగ్రెస్', 'వలస నేతలు' అన్న తగాదా రచ్చకెక్కింది. హైకమాండ్ అప్పుడు చూస్తూ ఊరుకోలేదు. దిగ్విజయ్ సింగ్‌ను హైదరాబాద్ పంపింది, 2023 జనవరిలో రాష్ట్ర ఇన్‌ఛార్జిని మార్చి మాణిక్‌రావ్ ఠాక్రేను నియమించింది, రేవంత్ రెడ్డిని పీసీసీ అధ్యక్షుడిగా కొనసాగిస్తూనే భట్టి విక్రమార్క పాదయాత్రకు తగిన చోటు ఇచ్చింది. జూలై 2న ఖమ్మం సభలో రాహుల్ సమక్షంలో పొంగులేటి శ్రీనివాస్ రెడ్డి పార్టీలో చేరేనాటికి, బీఆర్‌ఎస్‌కు ప్రత్యామ్నాయం ఎవరన్న విషయంలో పల్లెల్లో అనుమానం దాదాపు తీరిపోయింది. టీఎస్‌పీఎస్‌సీ ప్రశ్నపత్రాల లీకేజీ నిరుద్యోగుల కోపాన్ని పెంచింది, కర్ణాటక విజయం కార్యకర్తలకు ఊపిరి పోసింది, బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడిని మార్చి తనను తానే బలహీనపరచుకుంది. ఇవన్నీ కలిసొచ్చిన మాట నిజమే. అయితే కలిసొచ్చిన కాలాన్ని వాడుకోగల స్థితిలో పార్టీ ఉండడం ఆ జోక్యం వల్లే సాధ్యమైంది. రాహుల్ నడిచిన హైదరాబాద్ మహానగరంలో మాత్రం కాంగ్రెస్‌కు ఒక్క స్థానమూ దక్కలేదన్నది గుర్తుంచుకోవాలి; ఇక్కడ పార్టీకి అప్పట్లో బస్తీ స్థాయి నిర్మాణం లేదు.

మిగతా రాష్ట్రాలలో ఆ జోక్యం కనబడలేదు. రాజస్థాన్‌లో అప్పటి ముఖ్యమంత్రి అశోక్ గెహ్లాట్, సచిన్ పైలట్ వైరం 2020లోనే తిరుగుబాటు దాకా వెళ్లింది. 2022 సెప్టెంబరులో హైకమాండ్ పరిశీలకులు పిలిచిన సమావేశాన్ని ఎమ్మెల్యేలలో అత్యధికులు బహిష్కరించినా నిర్ణయం రాలేదు, మరుసటి ఏడాది అధికారమే పోయింది. మధ్యప్రదేశ్‌లో సమాజ్‌వాదీ పార్టీతో పొత్తు వ్యవహారాన్ని కమల్‌నాథ్ ఇష్టానికి వదిలేశారు, 230 స్థానాలలో 66 మిగిలాయి. 2024 హర్యానా ఎన్నిక ఇంకా బాధాకరం. ఓట్ల శాతంలో బీజేపీకీ కాంగ్రెస్‌కూ తేడా ఒక్క శాతం కూడా లేదు. మాజీ ముఖ్యమంత్రి భూపిందర్ సింగ్ హుడా వర్గానికీ, పార్టీలోని మరో సీనియర్ నేత కుమారి సెల్జాకూ మధ్య పొసగక ప్రచారమే చీలిపోయిన చోట ఆ కొద్దిపాటి తేడాను విధి వైపరీత్యంగా చూడలేం.

రాహుల్‌కు ధైర్యం లేదనో, శ్రమ లేదనో అనేవారితో నేను ఏకీభవించను. 2014లో 44, 2019లో 52 స్థానాలకు కుంగిన పార్టీని 2024లో 99కి చేర్చడంలో, పదేళ్లు ఖాళీగా ఉన్న లోక్‌సభ ప్రతిపక్ష నేత హోదాను తిరిగి తేవడంలో ఆయన పాత్ర కాదనలేనిది. రాజ్యాంగాన్నీ కులగణననూ చర్చకు కేంద్రం చేసిందీ ఆయనే. ప్రతిపక్ష నేతగా ఆయన తగినవారే. గెలుపు సారథిగా మాత్రం ఇంకా కాదు, ఎందుకంటే సొంత పార్టీ పెద్దలను నొప్పించే నిర్ణయం సమయానికి తీసుకోవడం ఆయనకు అలవాటు కాలేదు.

2025 బీహార్ ఎన్నిక ఇందుకు మరో సాక్ష్యం. 2025 ఆగస్టులో ఆయన ఓటర్ అధికార్ యాత్రకు జనం బాగానే వచ్చారు. యాత్ర ముగిశాక సీట్ల సర్దుబాటు సాగదీతకు గురై, కొన్ని చోట్ల మిత్రపక్షాలే పరస్పరం పోటీపడ్డాయి. మిత్రపక్షం ఆర్జేడీ నేత తేజస్వీ యాదవ్‌ను ముఖ్యమంత్రి అభ్యర్థిగా ప్రకటించేసరికి అక్టోబరు 23 అయింది, తొలి విడత పోలింగు నవంబరు 6న. కాంగ్రెస్ పోటీచేసిన 61 స్థానాలలో గెలిచింది ఆరు. ఆ ఫలితాలు వెలువడిన నవంబరు 14నే, సమయానికి నిర్ణయాలు జరిగిన తెలంగాణలో మాత్రం హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో కాంగ్రెస్ గెలిచింది.

ఓటరు జాబితాలలో అక్రమాలపై ఆయన చేస్తున్న ఆరోపణలు తీవ్రమైనవి, వాటికి ఎన్నికల సంఘం సూటిగా జవాబు చెప్పాలి. అయితే కర్ణాటకలోని మహదేవపుర జాబితాలను కాంగ్రెస్ బృందం నెలల తరబడి పరిశీలించింది 2024 లోక్‌సభ ఎన్నిక ముగిశాక. ఆ పని పోలింగుకు ముందే, ప్రతి బూత్‌లో పార్టీ ఏజెంటు ఇంటింటికీ తిరిగి చేయవలసింది. అలాంటి ఏజెంటు ఎన్ని రాష్ట్రాలలో ఎన్ని బూత్‌లలో ఉన్నాడో రాహుల్ ముందుగా తన పార్టీనే అడగాలి.