రిపోర్టులో కనపడకపోతే ఒంట్లో లేనట్టు కాదు

మా విజయనగరం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ‘వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ లేదని వచ్చిందా? హెచ్ఐవీ పోయినట్టే. అది రక్తంలో ఉండే జబ్బు, రక్తశుద్ధి కషాయం చాలు. ఏఆర్టీ మాత్రలు పేగుల్ని పాడుచేస్తాయి, ఆపేయండి.’ ఇది నమ్మి నాకు తెలిసిన ఒకాయన మాత్రలు మానేశారు. నాకు నిద్ర పట్టలేదు.

మొదటి మాటలో కొంత నిజం ఉంది. హెచ్ఐవీని అదుపులో పెట్టే ఈ ఏఆర్టీ మాత్రలు సరిగ్గా వేసుకుంటే రక్తంలో వైరస్ టెస్టుకు అందనంతగా తగ్గుతుంది. అలా నిలకడగా ఉన్నవారి నుంచి లైంగికంగా మరొకరికి సోకదు కూడా. కానీ ఆ టెస్టు లెక్కపెట్టేది రక్తంలో తేలే వైరస్‌నే. రోగాలతో పోరాడే సీడీ4 అనే తెల్ల రక్తకణాలు కొన్నిటిలో వైరస్ తన జన్యువును మన డీఎన్ఏలోనే అతికించి నిద్రపోతుంది. వరిచేలో తుంగ పైపైన కోసేస్తే చేను శుభ్రంగానే కనిపిస్తుంది, గడ్డ మాత్రం మట్టిలోనే ఉంటుంది.

రక్తంలో ఉండే జబ్బు అన్నది అసలు పొరపాటు. ఈ సీడీ4 కణాలు లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో ఒక రకం. మన లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి నూటికి రెండు, అంతే. మిగతావి లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో, పేగుల లోపలి పొరలో, ఇంకా ఇతర చోట్ల ఉంటాయి. పేగులు తిండితో, నీళ్లతో క్రిములు వచ్చే దారి కదా, అక్కడా కాపలా ఎక్కువే. పేగుల్లోని చాలా సీడీ4 కణాల మీద వైరస్ దూరడానికి కావాల్సిన సీసీఆర్5 అనే తలుపు ఉంటుంది. అందుకే వైరస్ ఏ దారిన వచ్చినా, మొదటి కొన్ని వారాల్లోనే పేగుల్లోని ఆ కణాలను ఊడ్చేస్తుంది. కషాయంతో రక్తం శుద్ధి చేస్తామంటే ఈ పేగుల సంగతేమిటి?

పేగుల్ని పాడుచేసేది కూడా వైరసే. పేగు గోడను కాపాడే టీహెచ్17 కణాలు (ఇవీ ఒక రకం సీడీ4 కణాలే) పోయాక బాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారతాయి, ఒళ్లు లోలోపల వాపుతో రగులుతూనే ఉంటుంది. మాత్రలు మొదలుపెట్టాక కూడా పేగుల్లోని సీడీ4 కణాలు రక్తంలో ఉన్నవాటికంటే నెమ్మదిగా కోలుకుంటాయి. కొందరికి మొదట్లో వికారం ఉంటుంది, అది డాక్టరుకు చెప్పుకోవాల్సిన విషయం.

మాత్రలు ఆపితే చాలామందిలో కొన్ని వారాలకే వైరస్ తిరిగొస్తుంది. అమెరికాలోని మిస్సిసిపీలో పుట్టిన 30 గంటలకే చికిత్స మొదలైన పాపకు మందులు ఆగాక రెండేళ్లకు పైగా వైరస్ కనపడలేదు. 2014లో మళ్లీ బయటపడింది.

మానేసినవాళ్లు దగ్గర్లోని ఏఆర్టీ సెంటర్‌కి వెళ్లండి. 2004 నుంచి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగానే ఇస్తోంది. ఎన్నాళ్లు మానేశారో దాచకుండా చెప్పండి, ఏ టెస్టు చేయాలో, ఏ మందు ఇవ్వాలో దాన్నిబట్టే చూస్తారు.