అన్నవాహిక అడుగున కొలువున్న కవాటం గారికి బహిరంగ లేఖ

కడుపులోది పైకి రాకుండా గేటు కాసే మహారాజశ్రీ కవాటం గారి దివ్య సముఖమునకు, ఉబ్బసంతో చిరకాలంగా కాపురం చేస్తున్న ఒక తెలుగు పంతులమ్మ సవినయంగా చేసుకుంటున్న విన్నపం.

నిన్న మధ్యాహ్నమంతా ఒక పెద్ద ఆసుపత్రిలో తమరి పుణ్యమా అని అంతస్తులు ఎక్కి దిగాను. ఊపిరితిత్తుల డాక్టరుగారు గొట్టంలోకి ఊదించి చూసి, ఊపిరి బాగానే ఆడుతోందని, రాత్రి దగ్గూ బొంగురూ తగ్గడం లేదు కనుక గొంతు చూపించుకోమని అన్నారు. గొంతు డాక్టరుగారు ముక్కులోంచి కెమెరా దింపి, స్వరపేటిక వెనుక భాగం ఎర్రబడి వాచిందని, అది కింది నుంచి ఎగదన్నే ఆమ్లం పని కావచ్చని కడుపు డాక్టరుగారి దగ్గరికి పంపారు. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఛాతీలో మంట ఉంటుందా అమ్మా?" లేదన్నాను. "మంట లేకుండా రిఫ్లక్స్, అంటే ఆమ్లం ఎగదన్నడం, అని ఎలా చెప్తాం? ఇన్‌హేలర్ స్టెరాయిడ్ వల్ల కూడా గొంతు బొంగురుపోతుంది, ఒకసారి ఊపిరితిత్తుల వారినే అడగండి" అన్నారు. అప్పటికి ఆ మొదటాయన ఇంటికి వెళ్లిపోయారు.

ఆర్యా, మంట పెట్టకపోవడమే తమరు నాకు చేసిన అసలు అన్యాయం. కడుపు గోడకు ఆమ్లాన్ని తట్టుకునే జిగురు పొర ఉంది. అన్నవాహికకు మింగిన లాలాజలం తోడుంటుంది, పైగా వచ్చినదాన్ని వచ్చినట్టే కిందికి తోసేసే కదలిక ఉంది. గొంతుకు అంతటి రక్షణ లేదు కనుక, ఛాతీలో మంట పుట్టించేందుకు చాలని కొద్దిపాటి ఆమ్లమూ, దానితో కలిసి వచ్చే పెప్సిన్ అనే మాంసకృత్తులను అరిగించే రసమూ అక్కడికి చేరితే చాలు, మరునాడు మూడో పీరియడ్‌కల్లా నా నోట పద్యం పలకదు. తమరు గేటు తీసి వదిలిన సంగతికి సాక్ష్యం ఉండదు, శిక్ష మాత్రం నాకూ నా ఊపిరితిత్తులకూ పడుతుంది. ఆమ్లం శ్వాసనాళాల దాకా రానక్కర్లేదట. అన్నవాహిక అడుగున తగిలినా వేగస్ నాడి ద్వారా కబురందుకుని అవి బిగుసుకోగలవట. అవి బిగుసుకుంటే నేను గాలి కోసం ఎగశ్వాస తీయాలి, ఆ ఎగశ్వాసకు కడుపులోది మరింత పైకి లాగబడాలి! ఇంత చక్కటి ఏర్పాటు చేసుకున్న తమరిని ఎవరూ వేలెత్తి చూపరు, ఉబ్బసం ముదిరిందని మాత్రం అందరూ అంటారు.

తమరికి మా వాళ్లు చేసే సాయమూ తక్కువేమీ కాదు. ఒకప్పుడు నా ఊపిరి కోసం రాసిన థియోఫిలిన్ బిళ్ల తమరినే సడలిస్తుందని తర్వాత తెలిసింది. గొంతు దురదకని చప్పరించిన పిప్పరమెంటుదీ అదే గుణం. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వెళ్లి ఉబ్బసానికి చేప మందని కొరమేను పిల్లను మింగి రమ్మనే మా పిన్నిగారికి, ఆ చేప కూడా తమరి గుమ్మం దాటే వెళ్లాలని ఎలా చెప్పను?

ఇక నా వంతు సంగతి. పరగడుపున మాత్ర వేసుకుని అరగంట ఆగి ఇడ్లీ తింటున్నాను. ఆ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుందే కానీ గేటు మూయదు, ఆమ్లపు లక్షణాలు పెద్దగా లేని ఉబ్బసం రోగులకు దాని వల్ల ఉబ్బసం అదుపులోకి రాలేదని 2009లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన చెప్పనే చెప్పింది. ఇన్‌హేలర్‌కు స్పేసర్ అనే గొట్టం తగిలించి పీల్చి, ప్రతిసారీ నోరు పుక్కిలిస్తున్నాను. ఆవకాయ మానేశాను, కాఫీ మానేశాను. ఏడున్నరకే అన్నం తినేసి, మూడు గంటలు కూర్చుని, తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టిన మంచం మీద ఎడమవైపు తిరిగి పడుకుంటున్నాను. మా ఆయన తెల్లారేసరికి కాళ్లవైపు జారిపోయి ఉంటున్నారు. ఇంత చేసినా రాత్రి రెండింటికి గొంతు పట్టేసి, దగ్గుతూ లేచి కూర్చోవాలా? నీకున్నది ఒకటే పని కదయ్యా! ముద్ద దిగగానే మూసుకోవడం, అంతే! పెళ్లి భోజనం తర్వాత తేన్పు కోసం కాసేపు తెరుచుకుంటే కాదన్నానా? అదీ నీ ఉద్యోగమేనని నాకు తెలుసు, ఆ సుఖానికి రుణపడే ఉన్నాను. అర్ధరాత్రి ఎవరు రమ్మన్నారని తెరుస్తున్నావు?

వచ్చే వారం ముక్కులోంచి సన్నటి తీగ దింపి, 24 గంటల పాటు నువ్వు ఎన్నిసార్లు ఆమ్లాన్ని పైకి వదిలావో లెక్క రాస్తారట. తనిఖీ అనగానే నువ్వు బుద్ధిమంతుడివై కూర్చుంటావనే నా భయమంతా. రోజూ తినేదే తినమన్నారు కానీ, ఆ సాయంత్రం నీ కోసం మిరపకాయ బజ్జీలు తెప్పిస్తాను, కాఫీ కూడా పెడతాను. నీకు దండం పెడతాను, ఆ ఒక్క రాత్రి నీ పాత బుద్ధి మానుకోకు.

ఇట్లు,
గొంతు పోయిన పంతులమ్మ