ఆరంభశూరుల అలమరా

మా ఇంట్లో మెట్ల కింద ఓ చిన్న అలమరా ఉంది. మొన్న చీపురు కోసం దాని తలుపు తీస్తే పైనుంచి ఒక సంచీ జారి నెత్తిన పడింది. ఏముందో చూద్దామని కింద గుమ్మరించాను. జానెడు అల్లి ఆపేసిన మఫ్లర్, దానికే గుచ్చి ఉన్న సూదులు. మూడు వైపులా కుట్టి, జిప్ వేయాల్సిన నాలుగో వైపు వదిలేసిన దిండు గలీబు. నాలుగంటే నాలుగు పూసలు అంటించిన ఫొటో ఫ్రేము. మెరుపుల పొడి డబ్బా మూత ఊడిపోయి వీటన్నిటికీ సమానంగా న్యాయం చేసింది. ఒక్కో ఏడాది సెలవుల్లో ఒక్కో రకం ఉత్సాహంతో నేను మొదలుపెట్టినవే ఇవన్నీ. ఆరంభశూరత్వం అన్న మాటని మన పెద్దలు ఇలాంటి అలమరా చూసే పుట్టించి ఉంటారు.

సెలవులు దగ్గరపడుతుంటే చాలా ఇళ్లలో ఇదే వరస. ఈసారి అలంకరణలు కొనొద్దు, చేసుకుందాం. కానుకలు చేత్తో కుట్టి ఇద్దాం. వంట మొత్తం ఇంట్లోనే. మంచి ఆలోచనే, నాకూ ఇష్టమే. కాకపోతే చిట్టా పెరుగుతుంది, కిట్లు కొంటాం, ఫోన్లో చూసినదానికీ మన చేతిలో తేలినదానికీ పోలిక లేక నీరసం వస్తుంది, ఈలోపు సెలవులు అయిపోతాయి, సంచీ అలమరా ఎక్కుతుంది. అందుకే ఈమధ్య ఒకే ఒక్క నియమం పెట్టుకున్నాను. ఇంట్లో చేసే వస్తువుకి ఇంట్లో ఒక ఉద్యోగం ఉండాలి. దిండుకి తొడగాలి, బల్ల తుడవాలి, వేడి గిన్నె దింపాలి, కడుపు నింపాలి. గోడకి వేలాడుతూ మెచ్చుకోమని అడిగే రకమైతే నేను మొదలే పెట్టను.

మరీ పిసినారి నియమంలా ఉందని మా ఆయన అన్నారు. కానీ ఉద్యోగం ఉన్న వస్తువు మనల్ని ఊరికే ఉండనివ్వదు. బోసి దిండు రోజూ సోఫాలో కూర్చుని మన వంక చూస్తుంటుంది, ఎప్పటికైనా పూర్తి చేయిస్తుంది. ఆ పూర్తి కావడమే ముఖ్యం. మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ అనే ముగ్గురు పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం అచ్చువేశారు. కొందరి చేత కాగితం కొంగలూ కప్పలూ మడత పెట్టించారు, కొందరి చేత పెట్టెలు బిగింపజేశారు. చేయి తిరగనివాళ్లు కూడా తమ వంకర కొంగకి నిపుణులు చేసినదానితో దాదాపు సమానంగా వెల కట్టారు. కొన్నవాళ్లే ఇంట్లో బిగించుకునే సామాను అమ్మే ఐకియా కంపెనీ పేరు మీద దీనికి 'ఐకియా ఎఫెక్ట్' అని పేరు పెట్టారు. అందరూ చెప్పుకునేది ఇంతవరకే. నాకు పనికొచ్చింది మాత్రం దాని తర్వాతి ముక్క: పని సగంలో ఆగిపోయినా, చేసినదాన్ని విప్పేసినా ఆ మమకారం కనిపించలేదట. అంటే జానెడు మఫ్లర్ మీద నాకు ప్రేమ లేకపోవడంలో నా తప్పేం లేదు. కొంచెం ఉంది లెండి.

గలీబు దగ్గర నన్ను ఆపింది జిప్. కుట్టు కొత్తగా పట్టినవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి జిప్ అక్కర్లేదు. వెనకవైపు రెండు ముక్కలు ఒకదాని మీదకి ఒకటి వచ్చేలా కుడితే కవరులా అదే మూసుకుంటుంది. దిండు 40 సెంటీమీటర్ల చదరం అనుకోండి. ముందు ముక్క 42కి 42, వెనక ముక్కలు రెండూ 42కి 28. వెనక ముక్కల లోపలి అంచుని సెంటీమీటరు చొప్పున రెండుసార్లు మడిచి కుడితే ఒక్కోటి 26 అవుతుంది. రెండూ కలిపి 52, కావాల్సింది 42, కాబట్టి 10 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. మంచి వైపులు లోపలికి ఉండేలా పరిచి, చుట్టూ సెంటీమీటరు వదిలి కుట్టి, తిరగేస్తే సరి. 110 సెంటీమీటర్ల పన్నా బట్టలో 42, 28, 28 పక్కపక్కనే పెడితే 98కి సరిపోతాయి. అరమీటరు బట్ట చాలు. మెషిన్ మీద గంట పని, చేతికుట్టు అయితే ఒక సాయంత్రం.

బట్ట మాత్రం కత్తిరించే ముందు ఉతకండి. నేసేటప్పుడూ, ఆ తర్వాత మిల్లులో సాపు చేసేటప్పుడూ పోగుల్ని లాగి పట్టి ఉంచుతారు. నీళ్లు తగలగానే ఆ బిగువు వదిలి పోగులు దగ్గరికి జరుగుతాయి. నూలు బట్ట నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుంచించుకోవడం మామూలే. దిండుకైతే బిగుతుగా పడుతుంది అంతే. రెండు మీటర్ల కర్టెన్‌కి ఐదు వంతులంటే 10 సెంటీమీటర్లు. మా హాలు కర్టెన్లు ఒక్క ఉతుకుతో నేల వదిలి, వాన నీళ్లలో పంచె ఎగ్గట్టిన పెద్దమనిషిలా నిలబడ్డాయి. రెండేళ్లు అలాగే ఉన్నాయి, ఎందుకంటే వాటికి ఉద్యోగం ఉంది.

మెషిన్ గురించి ఒక్క మాట. కుట్టు కింద దారం గుబురుగా పోగుపడితే అందరం బాబిన్‌నే, అంటే కింద దారం చుట్టి ఉండే చిన్న చక్రాన్నే తిడతాం. చాలాసార్లు తప్పు పైదారానిది. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంట్ తీసుకున్న మెషిన్‌లోనూ, ఇవాళ మన బల్ల మీదున్న దానిలోనూ పద్ధతి ఒకటే. కన్ను మొన దగ్గరుండే సూది ఒక దారాన్ని కిందికి తీసుకెళ్తుంది, కింద దారం దానితో మెలిపడుతుంది, ఆ మెలి బట్ట మందంలోనే ఇమిడిపోవాలి. పైదారం బిగువులో పడకపోతే మెలి కిందికి జారి గుబురవుతుంది. బట్టని అదిమిపట్టే ఫుట్ పైకెత్తి దారం మొదటినుంచీ మళ్లీ ఎక్కించండి. అప్పటికీ కుదరకపోతే సూది మార్చండి. ఈ రెండూ చేయకుండా పాడైందని మూలన పెట్టిన మెషిన్లు నాకు తెలిసిన ఇళ్లలోనే మూడున్నాయి.

ఇక పిల్లలు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. పోయిన సెలవుల్లో వేడి గిన్నెలు దింపడానికి ఒక గుడ్డ కుడతానంది. పాత నూలు టవల్ నాలుగు మడతలు లోపల పెట్టి, పైన మిగిలిన బట్ట ముక్కలు వేశాం. లోపలా పైనా నూలే ఉండాలి, పాలియెస్టర్ వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. తడి గుడ్డతో గిన్నె పట్టుకోకూడదనీ, తడి గుడ్డలోంచి వేడి గబుక్కున చేతికి వచ్చేస్తుందనీ అప్పుడే చెప్పాను. రెండు సాయంత్రాలు కూర్చుని కుట్టింది. కుట్లు వాగులా మెలికలు తిరిగాయి. ఆ రాత్రి అది పడుకున్నాక నా చెయ్యి ఊరుకోలేదు. ఒక వైపు విప్పి, మెషిన్ మీద తిన్నగా కుట్టి, ఏమీ ఎరగనట్టు అక్కడే పెట్టేశాను. పొద్దున్నే చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఇది నాది కాదు" అని బల్ల మీద పెట్టేసింది. వారం పాటు దాన్ని ముట్టుకోలేదు. నేను తిన్నగా కుట్టిన ఆ వైపు విప్పేసి సూదీ దారం చేతికిస్తే మళ్లీ తనే కుట్టుకుంది. ఇప్పుడు పొయ్యి పక్కన కొక్కేనికి ఉంటుంది. దాని వంకలు నాకు అలవాటైపోయాయి.

ఉప్పు పిండి బొమ్మలూ చేసి చూశాం. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, కప్పు నీళ్లు కలిపి బొమ్మలు చేసి, ఓవెన్‌లో సన్నని వేడి మీద రెండు మూడు గంటలు ఎండబెట్టడం. పిల్లలకి భలే సరదా. కానీ గాలిలో తేమ నూటికి 75 దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. ముసురు పట్టిన వారానికి మా నక్షత్రాలన్నీ మెత్తబడి కొసలు వాల్చేశాయి. ఇంట్లో కుక్క ఉంటే ఇవి అసలు వద్దు, అంత ఉప్పు తింటే దాని ప్రాణానికే ముప్పు.

నా నియమానికి బాగా లొంగేది వంట. కుట్టుని అలమరాలో పెట్టగలం గానీ పొంగుతున్న పిండిని పెట్టలేం. పిండి కొద్దీ రొట్టె అన్న సామెతని బేకరీ వాళ్లు అక్షరాలా పాటిస్తారు. పిండి నూరు అనుకుని మిగతావన్నీ దాని వంతుగా తూస్తారు. 500 గ్రాముల పిండికి నీళ్లు నూటికి 65 వంతులు, అంటే 325 గ్రాములు; ఉప్పు రెండు వంతులు, 10 గ్రాములు; పొడి ఈస్ట్ ఐదారు గ్రాములు. ఈ లెక్క వస్తే ఇద్దరికైనా ఇరవైమందికైనా కాగితం చూడక్కర్లేదు. పిల్లలకి శాతాలు నేర్పడానికి ఇంతకంటే రుచికరమైన దారి నాకు తెలీదు. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. తొందరపడి సలసల కాగిన నీళ్లు పోసి ఈస్ట్‌ని చంపేసి, మూడు గంటలు గిన్నె ముందు ఎదురుచూసిన చరిత్ర నాది. రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెడితే పిండి నెమ్మదిగా పొంగుతుంది, రుచీ పెరుగుతుంది, పొద్దున్న ఎవరికీ టెన్షన్ ఉండదు. 220 డిగ్రీల ఓవెన్‌లో 35, 40 నిమిషాలు. తీసి అడుగున వేలితో తడితే డొల్లగా మోగాలి.

ఇప్పుడు మన సంఘాల వాళ్లతో ఒక పేచీ. సెలవుల కార్యక్రమం అనగానే పిల్లలకి చేతిపనుల పోటీ, మొదటి బహుమతి, రెండో బహుమతి. గెలిచినవి సగానికి సగం అమ్మానాన్నలు చేసినవని బల్లల దగ్గర నిలబడ్డ ప్రతివాళ్లకీ తెలుసు. అది సరే అనుకున్నా, బహుమతి వల్లే నష్టం జరగవచ్చు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలేయడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, గీస్తే బంగారు నక్షత్రం అంటించిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే ఆశపెట్టారు. వారం రెండు వారాల తర్వాత చూస్తే, తీరిక వేళల్లో ఆ పిల్లలు బొమ్మలేసే సమయం మిగతా పిల్లల్లో సగానికి పడిపోయింది. ముందు చెప్పకుండా ఇచ్చినప్పుడు అలా జరగలేదు. కాబట్టి బహుమతులు కొనే డబ్బుతో ఒక పూట హాలు తీసుకుని రెండు కుట్టుమెషిన్లు, నాలుగు కత్తెరలు పెట్టండి. ఎవరి అలమరాలోంచి వాళ్లు సంచీ తెచ్చుకుంటారు. ఊడిన బొత్తాం, తెగిన కుట్టు, చిరిగిన జేబు కూడా తేవచ్చు. కుట్టు వచ్చిన పెద్దవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో ఆ పూట బయటపడుతుంది. వేదిక మీద ప్రసంగం అక్కర్లేదు, టీ ఉంటే చాలు.

నా సంచీ సంగతి తేలింది. గలీబుకి జిప్ బదులు రెండు జతల నాడాలు కుట్టాను, ఇరవై నిమిషాలు పట్టింది. మొదలుపెట్టినప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్లు. మఫ్లర్ విప్పి ఊలు ఉండ చుట్టాను. ఫ్రేముకున్న నాలుగు పూసలూ ఊడదీసి మామూలు ఫ్రేములా వాడుతున్నాం. మెరుపుల పొడి మాత్రం చీపురుని వదలడం లేదు. ఇల్లు ఊడ్చినప్పుడల్లా తళుక్కుమంటోంది.