స్కెప్టిక్‌లకి రాజకీయం ఎందుకు కనపడదు?

1986లో మెజీషియన్ జేమ్స్ రాండీ చేసిన పని గురించి స్కెప్టిక్‌లు, అంటే మహిమలనేవాటికి రుజువడిగి ప్రశ్నించేవాళ్ళు, ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. పీటర్ పోపాఫ్ అనే అమెరికన్ మత ప్రచారకుడు సభకొచ్చిన వాళ్ళ పేర్లు, జబ్బులు గడగడా చెప్పేసి, అంతా దేవుడే చెప్తున్నాడనేవాడు. రాండీ టీమ్ రేడియో స్కానర్ పట్టుకెళ్తే 39.17 మెగాహెర్ట్జ్ దగ్గర పోపాఫ్ భార్య గొంతు దొరికింది, ఆవిడ తెరవెనక కూర్చుని వివరాలు చదువుతుంటే ఈయన చెవిలో ఇయర్‌పీస్ పెట్టుకుని వింటున్నాడు. ఆ టేపు జానీ కార్సన్ షోలో వేశారు. గొప్ప పని, అందులో డౌటే లేదు.

అదే రాండీ 2009 డిసెంబర్‌లో భూమి వేడెక్కడానికి నిజంగా మనుషులే కారణమా అని అనుమానం వెలిబుచ్చాడు. దానికి ఆయన ఎత్తి చూపించింది, మనుషులు వదిలే వాయువులతో భూమి ప్రమాదకరంగా వేడెక్కుతుందనడానికి గట్టి రుజువు లేదంటూ 30 వేల పైచిలుకు సైంటిస్టులు సంతకాలు పెట్టారని చెప్పుకునే ఒరెగాన్ పిటిషన్‌ని. ఆ సంతకానికి సైన్స్ డిగ్రీ ఉంటే సరిపోతుంది, వాతావరణం మీద పనిచేసి ఉండక్కర్లేదు. 1998లో దానికి కవర్ లెటర్ రాసింది ఫ్రెడరిక్ సైట్జ్, అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మాజీ అధ్యక్షుడు, ఒకప్పుడు ఆర్.జె. రేనాల్డ్స్ సిగరెట్ కంపెనీకి సలహాదారు. లెటర్‌తో పాటు పంపిన వ్యాసం అచ్చం అకాడమీ జర్నల్ పేపర్‌లాగే ఉండటంతో, మాకూ దానికీ సంబంధం లేదని అకాడమీ స్టేట్‌మెంట్ ఇవ్వాల్సొచ్చింది. ఇవన్నీ 2009 నాటికి అందరికీ అందుబాటులో ఉన్న విషయాలే. తోటివాళ్ళు నిలదీశాక రాండీ వివరణ ఇచ్చాడు, నిజమే, కానీ పోపాఫ్ చెవిలో ఏముందో వెతికిన మనిషికి ఈ పిటిషన్ వెనక ఎవరున్నారో వెతకాలని ఎందుకు అనిపించలేదు?

ఇది తెలివికి సంబంధించింది కాదు. స్కెప్టిక్ మూవ్‌మెంట్‌లో పేరున్న వాళ్ళు కొందరు లిబర్టేరియన్లు, అంటే ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువుండాలనేవాళ్ళు, గవర్నమెంట్ రూల్ పెడుతుందంటే చాలు అనుమానం మొదలవుతుంది, కంపెనీ మీద మాత్రం అంత తొందరగా రాదు. మెజీషియన్లు పెన్, టెల్లర్ 2003లో టీవీలో పక్కవాళ్ళ సిగరెట్ పొగతో హాని అనేది రుజువు కాలేదన్నారు, 2006లో అమెరికా సర్జన్ జనరల్ రిపోర్ట్ ఆ పొగ ఎంత తక్కువైనా సేఫ్ కాదని తేల్చింది. ఇంకో పేరున్న స్కెప్టిక్ మైకేల్ షెర్మర్ క్లైమేట్ విషయంలో అనుమానం వదిలి మనసు మార్చుకున్నదీ 2006లోనే, ఆ నిజాయితీ మెచ్చుకోవాల్సిందే. కానీ "మాకు రాజకీయాలొద్దు" అనుకునేవాళ్ళు తమ రాజకీయాన్ని కామన్ సెన్స్ అనుకుంటారు, అక్కడే వస్తుంది చిక్కంతా.

మన దగ్గరా ఇదే చూశాం. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఆగి 11 మంది పోయారని అధికారులే చెప్పారు. కొద్ది రోజులకే కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది ఎగబడితే సోషల్ మీడియాలో సైన్స్ తెలిసిన వాళ్ళు చాలామంది ఆ జనాన్నే మూర్ఖులని తిట్టారు. బెడ్ దొరకని మనిషి ఇంకెక్కడికి పోతాడు? అదే నెల 31న, కంటి చుక్కలు తప్ప మిగతా మందుకి రాష్ట్ర ప్రభుత్వం పర్మిషన్ ఇచ్చింది, హాని లేదన్న రిపోర్ట్ తప్ప కోవిడ్ తగ్గుతుందన్న రుజువు లేకుండానే. జనం మీద పెట్టిన కోపంలో సగమైనా ఆ ఉత్తర్వు మీద పెట్టి, ఏ ట్రయల్ చూసి ఇచ్చారో చెప్పమని గట్టిగా అడిగి ఉండాల్సింది.