గెలుపు జట్టుది, బిల్లు ఊరిది

పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్లకు ముందుగా తట్టేది పెన్ హిల్స్ వేంకటేశ్వరుడు. 1970లలో కట్టిన ఆ గుడికి ఇప్పటికీ పక్క రాష్ట్రాల నుంచి తెలుగు కుటుంబాలు కార్లేసుకుని వెళ్తుంటాయి. అదే ఊళ్లో చలికాలమంతా జనం కొలిచేది మాత్రం పెంగ్విన్స్ అనే ఐస్ హాకీ జట్టును. మంచు మీద ఆటతో మనకేం పని అని పాఠకులు అడగవచ్చు. ఆ జట్టు 2006-07లో లేచి నిలబడిన తీరులోనూ, లేస్తూనే ఊరు వదిలిపోతానని బెదిరించిన తీరులోనూ హైదరాబాదుకు పనికొచ్చే సంగతులున్నాయి. అందుకే ఈ ప్రస్తావన.

ముందు పతనం సంగతి. 1991, 1992లో వరసగా రెండుసార్లు, ఉత్తర అమెరికా హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచిన జట్టు 1998 నాటికి దివాలా కోర్టు మెట్లెక్కింది. బాకీ వసూలు కావలసిన వాళ్లలో ఆ రెండు కప్పులూ గెలిపించిన కెప్టెన్ మారియో లెమ్యూ కూడా ఉన్నాడు. ఆయనకు రావలసిన జీతమే 3 కోట్ల డాలర్ల పైమాట. డబ్బు చేతికి రాదని తేలాక, బాకీలో చాలా భాగాన్ని వాటాగా మార్చుకుని 1999లో ఆయనే యజమాని అయ్యాడు. ఏడాది తిరిగాక మళ్లీ స్కేట్లు కట్టుకుని మంచు మైదానమైన రింకులోకి దిగాడు కూడా. అయినా ఖర్చులు తట్టుకోలేక 2001లో జట్టులో పెద్ద ఆటగాడు జాగర్‌ను వాషింగ్టన్‌కు వదులుకోవలసి వచ్చింది. 2003-04లో లీగ్ మొత్తం మీద ఆఖరి స్థానం పెంగ్విన్స్‌దే. మ్యాచ్‌కు సగటున 12 వేల మంది కూడా రాలేదు. లీగ్‌లో అంత తక్కువ జనం వచ్చిన జట్టు ఇంకోటి లేదు. ఆ మరుసటి ఏడాది యజమానులకూ ఆటగాళ్లకూ జీతాల దగ్గర తగువొచ్చి సీజన్ మొత్తం రద్దయింది.

అమెరికా ఆటల లీగుల్లో ఒక వింత ఉంది. ఎంత ఘోరంగా ఓడితే అంత మంచి కుర్రాళ్లను ముందుగా ఎంచుకునే అవకాశం వస్తుంది. ఓటమికి బహుమానం అన్నమాట. పెంగ్విన్స్ దాన్ని పూర్తిగా వాడుకుంది. 2003లో గోల్‌కీపర్ ఫ్లూరీ, 2004లో రష్యా కుర్రాడు మల్కిన్, 2005లో లాటరీ తగిలి సిడ్నీ క్రాస్బీ, 2006లో జోర్డన్ స్టాల్. నలుగురూ ఎంపికలో మొదటి లేదా రెండో స్థానంలో దొరికినవాళ్లే.

వీళ్లలో మల్కిన్ రాక ఒక సినిమా సన్నివేశం. రష్యాలోని అతని క్లబ్ మాగ్నితోగోర్స్క్ వదలనంది. 2006 ఆగస్టులో ఆ క్లబ్బు శిక్షణ శిబిరం కోసం హెల్సింకీలో దిగింది. అక్కడే మల్కిన్ జట్టును వదిలి మాయమయ్యాడు. కొన్నాళ్లు గుట్టుగా ఉండి, వీసా చేతికి రాగానే లాస్ ఏంజెలెస్ విమానమెక్కాడు. అక్టోబరులో ఆడటం మొదలుపెట్టి మొదటి ఆరు మ్యాచ్‌లలోనూ గోల్ కొట్టాడు. మరోవైపు స్టాల్‌కు 18 ఏళ్లు, 29 గోల్స్. క్రాస్బీ 19 ఏళ్లకే 120 పాయింట్లతో (కొట్టిన గోల్స్, కొట్టించిన గోల్స్ కలిపి) లీగ్ ఆటగాళ్లలో అగ్రస్థానానికి చేరాడు. అంత చిన్న వయసులో ఆ ఘనత అంతకుముందు ఎవరికీ లేదు. ముందు సీజన్‌లో ఈస్ట్ విభాగం పట్టికలో 58 పాయింట్లతో అడుగున ఉన్న జట్టు 105 పాయింట్లకు ఎగబాకింది. ప్లేఆఫ్స్ మొదటి అంచెలోనే ఒట్టావా చేతిలో ఓడిపోయినా ఎవరూ పెద్దగా బాధపడలేదు. ఖాళీ కుర్చీలు నిండాయి. ఉక్కు కర్మాగారాలు మూతపడి, పిల్లలు పనుల కోసం వలసపోయిన ఊరికి, ఇన్నాళ్లకు పిల్లలే తిరిగొచ్చినట్టయింది.

సరిగ్గా ఆ సీజన్‌లోనే జట్టు ఉంటుందో పోతుందో తెలియని పరిస్థితి వచ్చింది. జట్టు ఆడే సివిక్ అరీనా 1961లో తెరిచింది. స్టెయిన్‌లెస్ స్టీల్ గుమ్మటం, మీట నొక్కితే తెరుచుకునే పైకప్పు. కట్టినప్పుడు అదొక అద్భుతం. దాని కోసం లోయర్ హిల్ అనే నల్లజాతీయుల పేటను నేలమట్టం చేసి దాదాపు 8 వేల మందిని ఖాళీ చేయించారన్నది అద్భుతం కింద పూడ్చిన సంగతి. 2006 నాటికి లీగ్‌లో అన్నిటికన్నా పాత రింకు అదే. ఖరీదైన బాక్సు సీట్లు అమ్ముకునే వీలు అంతగా లేదు, లీజు 2007 జూన్‌తో సరి. కొత్తది కావాలని యజమానులు ఏళ్లుగా అడుగుతున్నారు. పక్కనే బేస్‌బాల్, ఫుట్‌బాల్ జట్లకు 2001లో కొత్త స్టేడియాలు వచ్చేశాయి మరి. వాటి కథ కూడా వినదగ్గదే. వాటి కోసం అమ్మకం పన్ను పెంచుతామని 1997లో ఓటు పెడితే జనం వద్దన్నారు. నాయకులు రెండో పథకం తీసి, అప్పటికే వసూలవుతున్న పన్నులోంచి డబ్బు మళ్లించి కట్టేశారు. ఓటరు కాదన్నది ఆ తర్వాత గుర్తున్నవాళ్లు తక్కువ.

హాకీ రింకుకు మొదట దొరికిన దారి జూదం. ఊరికి ఒకే ఒక కేసినో లైసెన్సు. అది తమకొస్తే 29 కోట్ల డాలర్లు పెట్టి రింకు కట్టిస్తామని ఐల్ ఆఫ్ కాప్రీ కంపెనీ ముందుకొచ్చింది. 2006 డిసెంబరు 20న లైసెన్సు వేరే కంపెనీకి పోయింది. దానికి ఐదు రోజుల ముందే, జట్టును 17.5 కోట్ల డాలర్లకు కొంటానన్న కెనడా వ్యాపారి జిమ్ బాల్సిలీ వెనక్కి తగ్గాడు. జట్టును ఊళ్లోనే ఉంచాలని లీగ్ పెట్టిన షరతులు ఆయనకు రుచించలేదు. జనవరిలో లెమ్యూ కాన్సాస్ సిటీ వెళ్లాడు. అక్కడ కొత్త స్టేడియం సిద్ధమవుతోంది, జట్టు లేదు. అద్దె వద్దు, రాబడిలో సగం మీదే అన్నారు అక్కడివాళ్లు. మార్చి మొదట్లో పెంగ్విన్స్ యాజమాన్యం చర్చలు ప్రతిష్టంభనలో పడ్డాయని లేఖ రాసింది. కుర్రాళ్లు గెలుస్తున్నకొద్దీ పిట్స్‌బర్గ్ గుండె దడ పెరుగుతూ వచ్చింది.

మార్చి 13న ఒప్పందం కుదిరింది. ఆ రాత్రి బఫెలోతో మ్యాచ్‌కు ముందు లెమ్యూ మైకు పట్టుకుని, జట్టు ఇక్కడే ఉంటుందని చెప్పగానే జనం లేచి హోరెత్తించారు. లెక్క ఇదీ: కేసినో నుంచి ఏడాదికి 75 లక్షల డాలర్లు, రాష్ట్ర అభివృద్ధి నిధి నుంచి మరో 75 లక్షలు, జట్టు వాటా సుమారు 40 లక్షలు. ఇలా 30 ఏళ్లు. అంటే రింకు కట్టే భారంలో జట్టు మోసేది నాలుగో వంతు కన్నా తక్కువ.

అసలు మాట 2008 ఆగస్టులో బయటికొచ్చింది. కొత్త రింకుకు శంకుస్థాపన చేసిన రోజున లెమ్యూనే తీరిగ్గా చెప్పాడు. ఊరు వదిలే ఆలోచన ఎప్పుడూ లేదట. ఊరి మీద, రాష్ట్రం మీద కాస్త ఒత్తిడి తేవలసి వచ్చిందట. కాన్సాస్ సిటీ, లాస్ వేగస్ వెళ్లింది మంచి భోజనం చేసి తిరిగి రావడానికేనట. ఒక రాష్ట్ర గవర్నరు, ఒక మేయరు, ఒక కౌంటీ అధినేత నెలల తరబడి నిద్రలు మాని చేసిన బేరం వెనక ఉన్నది ఆ భోజనం! పిట్స్‌బర్గ్‌లో ఆ మాట మీద కొంత గోల జరిగి సద్దుమణిగింది. జట్టు అప్పటికే ఫైనల్ ఆడి వచ్చింది, ఎవరికి పట్టింది?

లెమ్యూను దుష్టుడిగా చూపడం మా ఉద్దేశం కాదు. క్యాన్సర్‌ను జయించి, మునిగిపోతున్న జట్టును సొంత బాకీ పెట్టి ఒడ్డుకు లాగిన మనిషి. ఆయన కాకపోతే ఇంకెవరో వచ్చి నిజంగానే తరలించుకుపోయేవారు. మా అభ్యంతరం ఆటను నడిపే పద్ధతి మీద. 2004లో ఈ బెదిరింపు వేసి ఉంటే పిట్స్‌బర్గ్ భుజాలెగరేసి ఊరుకునేది. పోతే పొమ్మనేది. క్రాస్బీ, మల్కిన్ వచ్చాక ఆ మాట అనే ధైర్యం ఏ నాయకుడికీ లేదు. కుర్రాళ్లు కొట్టిన ప్రతి గోలూ బేరసారాల బల్ల మీద యజమాని వైపే పడింది. అభిమానం ఊరిది, దాన్ని తాకట్టు పెట్టి తెచ్చిన లాభం వేరేవాళ్లది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

బెదిరింపు ఉత్తదే అని తేల్చేసి కూర్చుందామా అంటే అదీ కుదరదు. కెనడాలోని క్యుబెక్ నోర్దీక్స్‌కు సాకిక్, ఫోర్స్‌బర్గ్ వంటి కుర్రాళ్లు దొరికి, 1994-95లో ఈస్ట్ విభాగంలో అగ్రస్థానానికి వచ్చారు. ప్రభుత్వం యజమానులు అడిగిన సాయం చేయలేదు. జట్టు డెన్వర్ వెళ్లిపోయి, మరుసటి ఏడాదే స్టాన్లీ కప్పు గెలిచింది. ఏళ్ల తరబడి ఓటములు భరించినవాళ్లు ఒకరు, ఊరేగింపు చేసుకున్నవాళ్లు మరొకరు. క్యుబెక్ ఆ దెబ్బ మరవలేక ప్రజాధనంతో 2015లో సరికొత్త రింకు కట్టి కూర్చుంది. జట్టు ఇప్పటికీ రాలేదు. అరిజోనా హాకీ జట్టు కయోటీస్‌ది నిన్నటి ముచ్చట. 2023 మేలో అక్కడి టెంపే ఊరి ఓటర్లు రింకు ప్రాజెక్టు వద్దన్నారు. అప్పటికి ఆ యువ జట్టు 5 వేల మంది కూడా పట్టని విశ్వవిద్యాలయపు రింకులో తలదాచుకుంటోంది. 2024 ఏప్రిల్‌లో సాల్ట్ లేక్ సిటీకి మూటాముల్లె సర్దేసింది. జట్టును దక్కించుకున్న ఆ ఊరు కొన్ని నెలలకే స్టేడియం ఖర్చుల కోసం అమ్మకం పన్ను అర శాతం పెంచుకుంది. పోయినా నష్టమే, వచ్చినా ఖర్చే.

ఏది ఉత్తుత్తి బెదిరింపో, ఏది నిజమో ఊరికి తెలియకుండా ఉండటమే ఈ వ్యాపారానికి ఆయువుపట్టు. లీగ్ జట్ల సంఖ్యను బిగించి పెడుతుంది. ఎప్పుడూ ఏదో ఒక ఊరు జట్టు లేక ఆవురావురుమంటూ ఉంటుంది. ఆ ఊరి పేరు చెప్పి ఈ ఊరిని బెదిరించవచ్చు. పెంగ్విన్స్ పేరు చెప్పుకుని ఆశపడ్డ కాన్సాస్ సిటీ స్టేడియానికి ఇంతవరకూ హాకీ జట్టు దక్కలేదు. కచేరీలతో బాగానే నడుస్తోంది, అది వేరే విషయం.

మరి పిట్స్‌బర్గ్‌కు గిట్టుబాటయిందా? ఆట వైపు చూస్తే కావలసినంత. 2009, 2016, 2017లో కప్పులు, వరసగా 16 సీజన్లు ప్లేఆఫ్స్. స్టేడియాలకు పోసే ప్రజాధనం ఊరికి తిరిగి రాదని ఆర్థికవేత్తలు ఎన్ని అధ్యయనాలు చేసినా, ఆ మూడు ఊరేగింపులకు వెల కట్టలేమని అభిమాని అంటాడు. అతణ్ని తప్పుపట్టలేం. పేటవైపు చూస్తే మాత్రం లెక్క మారుతుంది. పాత గుమ్మటాన్ని కూల్చేశాక మిగిలిన 28 ఎకరాల మీద అభివృద్ధి హక్కులు జట్టుకే ఇచ్చారు. ఇళ్లు, దుకాణాలు లేస్తాయన్న చోట ఏళ్ల తరబడి కార్లు పార్కు చేశారు. పేటవాసులు పోరాడి సాధించుకున్న ఒప్పందంలో భాగంగా, లోయర్ హిల్ ఉన్న హిల్ డిస్ట్రిక్ట్‌కు 2013లో ఒక కిరాణా సూపర్‌మార్కెట్ వచ్చింది, 2019లో మూతపడింది. 2021 చివర్లో జట్టును ఫెన్వే స్పోర్ట్స్ అనే సంస్థకు అమ్మారు. సుమారు 90 కోట్ల డాలర్లని అప్పట్లో వార్తలొచ్చాయి. బాల్సిలీ ఇస్తానన్న 17.5 కోట్లతో పోల్చుకుంటే, పెరిగిన విలువలో కొత్త రింకు వంతు ఎంతో ఎవరైనా ఊహించవచ్చు. దాని ఖర్చులో పెద్ద వాటా మోసిన జనానికి ఆ లాభంలో వాటా లేదు.

మన సంగతికి వద్దాం. డెక్కన్ ఛార్జర్స్‌ను మరిచిపోయామా? 2008లో ఐపీఎల్‌లో అట్టడుగు, 2009లో ఛాంపియన్, 2012లో గల్లంతు. హైదరాబాదు అభిమానిని ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ ఖాళీలోకి వచ్చిన సన్‌రైజర్స్, 2025 మార్చిలో ఉచిత టికెట్ల గొడవ మీద హైదరాబాద్ క్రికెట్ సంఘానికి ఘాటు లేఖ రాసి, మేం ఇక్కడ ఆడటం మీకిష్టం లేకపోతే చెప్పండి, వేదిక మార్చుకుంటామంది. సంఘం ఆరోపణలను ఖండించింది. రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించింది, వ్యవహారం అరెస్టుల దాకా వెళ్లింది. పిట్స్‌బర్గ్‌లో బెదిరించినవాడి చేతిలో కొత్త రింకు పడింది. ఇక్కడ బెదిరించిన జట్టు తానే బాధితురాలినంది. కారణాలు వేరు. రెండు చోట్లా అభిమాని టికెట్టు చేత పట్టుకుని ఎవరు గెలుస్తారా అని చూస్తూ నిలబడ్డాడు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్త స్టేడియాల మాట తరచూ వినిపిస్తోంది. భూమి ప్రభుత్వానిది, రోడ్లు, కరెంటు, నీళ్లు ప్రభుత్వానివి అయినప్పుడు, అందులో ఆడబోయే జట్టుతో రాసుకునే కాగితం సంతకానికి ముందే శాసనసభ ముందుకు రావాలి. జట్టును అమ్మితే వచ్చే లాభంలో ప్రజల వాటా ఎంత, గడువుకు ముందే వదిలిపోతే కట్టవలసిన పరిహారం ఎంత అన్నవి అంకెల్లో ఉండాలి. పెట్టుబడి రాదన్న భయంతో ఈ రెండు షరతులనూ చివరి నిమిషంలో కొట్టేయడం అధికారులకు అలవాటు. పిట్స్‌బర్గ్ 2007లో బేరమాడింది జట్టు గెలుస్తున్నప్పుడు, అభిమానులు కేరింతలు కొడుతున్నప్పుడు, లీజు మూడు నెలల్లో ముగుస్తున్నప్పుడు. అంతకన్నా చెడ్డ సమయం దొరకదు. జట్టు ఓడుతున్న రోజుల్లో, లీజుకు ఇంకా పదేళ్లుండగా కూర్చుని ఉంటే ఆ ఊరికి ఎంత మిగిలేదో! 30 ఏళ్ల ఆ కొత్త లీజు 2040 ప్రాంతంలో ముగుస్తుంది. పెంగ్విన్స్ 2023, 2024, 2025లలో వరసగా మూడుసార్లు ప్లేఆఫ్స్‌కు దూరమైంది. మేయరు చర్చలకు పిలవవలసింది అలాంటి రోజుల్లోనే.