ఫింగర్ పడ్తలేదు సారూ!

నా ఫోన్ పక్క బటన్‌లో కాపురముంటున్న వేలిముద్ర సెన్సార్ గారికి,

నమస్తే. మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. నేనే, మీ యజమానిని. రోజుకు యాభై అరవై సార్లు మీ గడప తొక్కేవాణ్ని. నిన్న పొద్దున కూడా వచ్చాను. వరసగా ఐదుసార్లు చూసి, ఇక 30 సెకన్లు బయటే నిలబడమన్నారు చూడండి, ఆ మనిషిని.

నిన్నటి సంగతి మీకు గుర్తుండదు కాబట్టి చెప్తున్నాను. దేవరకొండ రోడ్డు మీద పెట్రోలు బంకు. బండిలో రెండొందలకు పోయించాను. వెనక నాలుగు బైకులు, ఒక ట్రాలీ ఆటో. స్కాన్ కొట్టాలంటే ముందు మీరు తలుపు తీయాలి. బొటనవేలు పెట్టాను. బుర్రుమన్నారు. మళ్లీ పెట్టాను. మళ్లీ బుర్రు. వేలు ప్యాంటుకు తుడిచి పెట్టాను. నోటి దగ్గర పెట్టుకుని 'హా' అని ఊది పెట్టాను. వెనక నుంచి ఆటో అతను, "అన్నా, ఫింగర్ పడ్తలేదా? జర బండి పక్కకు తీసుకోరాదే" అన్నాడు. పెట్రోలు పోసే పిల్లగాడు నా మొఖం ఒకసారి, ఫోన్ మొఖం ఒకసారి చూశాడు. ఏ బస్టాండులో కొట్టుకొచ్చిండో అన్నట్టు. చొక్కా జేబులో మడతలు పడ్డ వంద నోట్లు రెండు దొరికాయి కాబట్టి మానం దక్కింది.

అసలు 'పడటం' అనే మాట మా నల్లగొండ రైతుకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. బోరుబండి వచ్చి రాత్రంతా రాతి పిండి ఎగజిమ్ముతుంటే దూరంగా కూర్చుని, "పడ్డయా?" "ఇంకా పడలే" అని మాట్లాడుకున్న జాతి మాది. ఇప్పుడు అదే మొఖం పెట్టుకుని వేలు పడిందా లేదా అని అడుక్కుంటున్నాం. బోరుకైతే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూపించేవాళ్లయినా ఉన్నారు. మీకు వాళ్లూ లేరు.

మీ ఇబ్బంది నాకు తెలియదనుకోకండి. బీటెక్ చదివే మా మేనల్లుడు గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాడు. "మామా, వేలి మీద గీతలు సెన్సారుకు ఆనుతయి. గీతల నడుమ సందుల్ల గాలి ఉంటది. ఆ కరెంటు తేడా పట్టుకుని అది ముద్ర గీసుకుంటది. వేలు తడిగుంటే సందులన్ని నిండి అంతా ఒక్కటే లెక్క కనపడ్తది. ఎండి పగిలితే గీతలే సరిగ ఆనవు." అర్థమైంది. సాళ్లు తోలిన చేనుకు నీళ్లు ఎక్కువ పెడితే ఏది బోదెనో ఏది కాలువనో తెలియదు కదా, అంతే. పైగా బటన్‌లో ఉన్న మీరు సన్నటి పట్టీ అంత. వేలు మొత్తం ఎన్నడూ చూడరు. ఎప్పుడూ ఒక ముక్క చూసి, ముందు దాచుకున్న ముక్కల్లో ఏదో ఒకదానితో అతికించుకుంటారు.

అంతా ఒప్పుకుంటాను. కానీ సారూ, మీరు చూసిన ముక్కలు ఏ రోజువో గుర్తుందా? ఫోన్ కొన్న రోజు. ఆ రోజు నేను తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడియారం సెంటర్ దగ్గర దుకాణంలో ఏసీ కింద కూర్చుని, చల్లగా, మెత్తగా, పదిహేనుసార్లు వేలు నొక్కాను. ఆ వేలు ఏడాదిలో ఒక్క పూట ఉంటుంది నాకు. పత్తి ఏరే కాలం వచ్చిందా, ఎండిన కాయ పెంకు కొసలు గోళ్ల పక్కన గీరి గీరి పెడతాయి. బత్తాయి కోతకు పోతే ముల్లు. మందు కొట్టిన రోజు సబ్బుతో నాలుగుసార్లు తోమితే తోలే తెల్లబడుతుంది. చలికాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. మొన్న జ్వరమొచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. ఆ మూడు రోజులూ మీరు ఆనించగానే తీశారు. ఒక్కసారి కూడా బుర్రుమనలేదు. అప్పుడు వచ్చింది నాకు అనుమానం.

అది రుజువైంది ఆదివారం మధ్యాహ్నం. యాప చెట్టు కింద మంచం మీద కునుకు తీస్తున్నాను. చెయ్యి ఎవరో లాగినట్టయింది. కొంచెం కన్ను తెరిస్తే మా చిన్నోడు, ఐదో తరగతి, నా బొటనవేలును రెండు చేతుల్తో సుతారంగా పట్టుకుని మీ మీద ఆనిస్తున్నాడు. టక్కున తీశారు! వాడిని దొరకబట్టి గట్టిగా అడిగితే వాడు భయపడకపోగా నాకే చెప్పాడు: "నువ్వు పండుకున్నప్పుడు మస్తుగ పడ్తది నాయినా. చేనుకాడ నుంచి వచ్చినంక పడది."

పని చేసే చెయ్యి పరాయిది, పడుకున్న చెయ్యి నాది. ఇదేనా సారూ మీ లెక్క?

లెక్కంటే గుర్తొచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఒక కొలత ఉందట. పరాయి వేలికి పొరపాటున తలుపు తీయడం 50,000 సార్లలో ఒక్కసారికి మించకూడదు. సొంత మనిషిని కాదనడం మాత్రం 10 శాతం లోపు ఉంటే చాలు. దొంగ విషయంలో అంత పట్టింపు, ఇంటాయన పదిసార్లలో ఒకసారి వాకిట్లో నిలబడ్డా పెద్దగా బాధ లేదు. మంచి కాపలానే. కాకపోతే ఆ పదో సారి ఎప్పుడూ బంకు కాడనో, బస్సులోనో వస్తుంది.

మీ జంట ఒకాయన ఉన్నాడు, ముందు కెమెరాలో కూర్చుని మొఖం చూసేవాడు. ఆయన గురించి ఎక్కువ రాయను. ఎండాకాలం తలకు, మొఖానికి తువ్వాల చుట్టుకుంటే నేనెవరో తెలియదు. రాత్రి మోటరు కాడ చీకట్లో అసలే తెలియదు. మా తమ్ముడు ఫోన్ ఎత్తి మొఖం ముందు పెట్టుకుంటే మాత్రం నవ్వుతూ తీస్తాడు. 30,000కు పైగా కనపడని చుక్కలు మొఖం మీద వేసి కొలిచే ఐఫోన్ కూడా కవలల దగ్గర, పోలికలున్న అన్నదమ్ముల దగ్గర పొరపడొచ్చని ఆ కంపెనీయే చెప్పుకుంది. ఇక నా పన్నెండు వేల ఫోన్‌లో కెమెరాను ఏమనాలి? అన్నదమ్ములు కలిసుండాలని దాని కోరిక కావచ్చు.

మీ వంశం గురించి కూడా చదివాను. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర, రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయి అనే కాంట్రాక్టరు అరచేతికి సిరా పూసి, ఒప్పంద కాగితం వెనక ముద్ర వేయించాడు. రేపు 'ఆ కాగితం నాది కాదు' అనకుండా. 1897కల్లా కలకత్తాలో వేలిముద్రల ఆఫీసే పెట్టారు, ప్రపంచంలో మొదటిది. అంటే, నేను కాదని మనిషి తప్పించుకోకుండా పుట్టిన విద్య ఇది. ఇప్పుడు నేనే, నేనే అని మనిషి మొత్తుకుంటుంటే, కాదనేది మీరు.

మా తాతకు చదువు రాదు. ఏలుముద్రగాడని ఊళ్లో ఎక్కిరించేవాళ్లు. ఆయన పెట్టిన నిశాని ఇప్పటికీ మా భూమి కాగితాల మీద ఊదారంగులో ఉంది. నాగలి పట్టి పట్టి గీతలన్నీ అరిగిన వేలు అది. సగం ముద్ర మసక మసకగానే పడింది. సిరా డబ్బా ఏమీ అనలేదు, మళ్లీ పెట్టమనలేదు. ఆ మాట పడొద్దని మా నాయన నన్ను డిగ్రీ దాకా చదివించాడు. చదివి, సంతకం నేర్చి, పన్నెండు వేలు పెట్టి కొని, రోజుకు అరవైసార్లు వేలుముద్ర పెడుతున్నాను. అదీ పడటం లేదు. అమ్మకైతే రేషన్ మిషన్ మీద పది వేళ్లలో ఒక్కటీ పడదు. యాభై ఏండ్లు నాట్లేసిన వేళ్లు. కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటుంది.

మేనల్లుడు ఒక ఉపాయం చెప్పాడు. ఒకే బొటనవేలిని రెండోసారి, చేను నుంచి వచ్చిన చేతితోనే ఎక్కించమన్నాడు. ఎక్కించాను. కొంచెం నయం. ఇప్పుడు మీ దగ్గర నేను ఇద్దరిని, పండగ రోజు మనిషి, పని రోజు మనిషి.

ఇక్కడిదాకా ఫోన్‌లోనే టైపు చేశాను. మధ్యలో కరెంటు వచ్చిందంటే పోయి మోటరు వేసి, కాలువ మలిపి వచ్చేసరికి స్క్రీన్ ఆరిపోయింది. తడి వేలు పెట్టాను. బుర్రుమన్నారు. మీకు చెప్పుకోవడం దేనికని పిన్ కొట్టాను. నాలుగే అంకెలు, మా బోరులో నీళ్లు పడ్డ సంవత్సరం. అది మాత్రం ఇంతవరకు పడకుండా పోలేదు.

ఇట్లు,
మీ యజమాని
(ఎడమ చేతి బొటనవేలి నిశాని)